ఫోనమ్మ మోకాలు

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకూడదని పెద్దలంటారు. వాళ్ళెవరూ మా ఆసుపత్రిలో పనిచేసి ఉండరు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు మోకాళ్ళకి ఎక్స్‌రేలు తీసినవాణ్ణి, నన్నడిగితే మోకాలికి ముడిపడనిది లోకంలో ఏదీ లేదు. మంచం ఎత్తు, స్నానాలగది గడప, కోడలి మాట, బజారు దూరం, పొద్దుటి కోపం, అన్నీ చివరికి ఆ కీలు దగ్గరికే వచ్చి తేలతాయి. ఈ సంగతి నాకు చదువు వల్ల తెలియలేదు. మా రికార్డు గదిలో కూర్చున్న ఒక మనిషి వల్ల తెలిసింది.

ఆవిణ్ణి అందరూ ఫోనమ్మ అనేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండేది, అక్కడితో సరి. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి నేను అక్కయ్యా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. అంతకు మించి మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆవిడ పని అర్థం కావాలంటే ముందు మా పెద్ద డాక్టరుగారి పరీక్ష గురించి చెప్పాలి. అరిగిపోయిన మోకాలికి కృత్రిమ కీలు పెడతారని అందరికీ తెలుసు. తొడ ఎముక చివరికి లోహపు తొడుగు, కింది ఎముక మీద లోహపు పలక, రెంటికీ మధ్య అరంగుళం కూడా లేని ప్లాస్టిక్ బిళ్ళ. ఆ బిళ్ళ పలకకి బిగిసి ఉండేది ఒక రకం. పలక మీద అటూ ఇటూ తిరిగేది ఇంకో రకం. తిరిగే రకం అమ్మే కంపెనీ మనిషి నున్నటి పుస్తకాలు పట్టుకొచ్చి, మాది తక్కువ అరుగుతుంది, ఎక్కువ కాలం వస్తుంది అని ఊదరగొట్టేవాడు. అతను గేటు దాటకముందే బిగిసిన రకం కంపెనీ మనిషి వచ్చి, కాలానికి నిలబడింది మాదేనండీ అనేవాడు. ఇద్దరూ పంచిన పెన్నులతో మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ గోడల మీద రాస్తున్నారు.

పెద్ద డాక్టరుగారికి విసుగొచ్చి, ఈ సంగతేదో నేనే తేలుస్తానన్నారు. ఏడాదిన్నరలో మూడువందల ఎనభై మోకాళ్ళు. ఆపరేషన్ బల్ల దగ్గర సీలు కవరు చింపి, చీటీలో ఏది వస్తే అది పెట్టడం. ఎవరికి ఏ రకం పెట్టారో రోగికి చెప్పరు, తర్వాత ఏటా ఫోన్ చేసి బాగోగులు అడిగే మనిషికీ చెప్పరు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని ఆయన భయం. అలా ఇరవయ్యేళ్ళు కనిపెట్టి చూడాలన్నారు. మేమందరం చాటుగా నవ్వుకున్నాం. ఇరవయ్యేళ్ళు ఒక మోకాలి వెంట తిరిగే ఓపిక ఎవరికుంటుంది అనుకున్నాం.

నాకు మాత్రం రకం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫిల్ములో పలక ఆకారం చూస్తే తెలిసిపోతుంది. కానీ నోరు మూసుకుని ఉండడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

ఫోనమ్మ ఆ మూడువందల ఎనభై మందిలో ఒకతె. బస్సు దిగబోతూ పడ్డప్పుడు కుడి మోకాలు నుజ్జయి, నలభై ఒకటో ఏటికే కీలు మార్పించుకోవాల్సి వచ్చింది. పెళ్ళి కాలేదు, తోబుట్టువులు లేరు, తల్లే దగ్గరుండి చేయించింది. ఏడాది తర్వాత చూపించుకోడానికి వచ్చి వరండాలో కూర్చున్నప్పుడు, ఊరికే ఉండలేక, చదవలేనివాళ్ళకి ప్రశ్నల కాగితాలు చదివిపెట్టి జవాబులు రాసింది. ఫోన్లు చేసే గుమాస్తా అప్పటికి పది రోజుల క్రితమే ఉద్యోగం మానేశాడు. పెద్ద డాక్టరుగారు అటుగా వెళ్తూ చూసి, ఆ వరండాలోనే ఆవిణ్ణి ఉద్యోగంలో వేసుకున్నారు.

"మరి నా మోకాలి ప్రశ్నలు నన్నెవరు అడుగుతారు సార్?" అని ఆవిడ అప్పుడే అడిగింది.

"నీది నువ్వే రాసేసుకోమ్మా. నీకంటే నిజం ఎవరు రాస్తారు?" అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయారు.

పెద్దవాళ్ళు నవ్వుతూ అనేసిన మాటలే ఒక్కోసారి కొంప ముంచుతాయి. అప్పుడు పక్కన ఫిల్ములు పట్టుకుని నిలబడింది నేనే. నాకూ తప్పేం కనపడలేదు.

ప్రశ్నలు పన్నెండు. గత నెల రోజుల్లో నొప్పి ఎలా ఉంది, కుంటుతున్నారా, మెట్లు దిగగలరా, మోకాళ్ళ మీద కూర్చుని లేవగలరా, ఒక్కరే బజారుకెళ్ళి సరుకులు తెచ్చుకోగలరా, ఇలాంటివి. ఒక్కోదానికి నాలుగు మార్కులు, మొత్తం నలభై ఎనిమిది. ఆపరేషన్ ఏ తేదీన అయితే ఏటా ఆ తేదీన ఫోన్. చాలామంది ఆ తేదీని సొంత పుట్టినరోజు కంటే బాగా గుర్తుపెట్టుకునేవారు. పొద్దున్నే స్నానం చేసి ఫోన్ పక్కన కూర్చుంటాం అని ఎక్స్‌రేకి వచ్చినప్పుడు నాతోనే చెప్పేవారు.

"బాగానే ఉందమ్మా" అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. "బాగానే అన్న గడి నా కాగితంలో లేదండీ. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా, లేదా?" అని నిలదీసేది. ఒక రిటైరైన పోస్ట్‌మన్ వరసగా మూడేళ్ళు నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదీ చెప్పాడు. నాలుగో ఏడు నేను కవర్లు ఇవ్వడానికి రికార్డు గదిలోకి వెళ్ళేసరికి అతనికి తలంటుతోంది. "తలుపెవరో కొడితే మీరు లేవడానికి ఎంతసేపు పట్టిందో నేను ఇక్కణ్ణించి విన్నాను. మీ కుర్చీ మూడుసార్లు కిర్రుమంది. డాక్టరుగారు బాధపడతారని అబద్ధం చెబుతారా? మోకాలికి మొహమాటమేంటండీ? మీ ఒక్కరి జవాబు తప్పితే మొత్తం లెక్కే తప్పుతుంది." పాపం ఆ పెద్దాయన ముప్ఫయ్యొకటికి దిగొచ్చాడు.

తన తేదీ వచ్చినప్పుడు ఆవిడ ఏం చేసేదో కూడా నేను ఒకసారి చూశాను. మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకి వెళ్ళాక కాగితం ముందు పెట్టుకుని, ఫోన్ ఎత్తకుండానే, "గత నెల రోజుల్లో మీకు మోకాలి నొప్పి ఎలా ఉందండీ?" అని పైకి అడిగింది. కాసేపు ఆగి, "అప్పుడప్పుడు కొంచెం" అంది. టిక్కు పెట్టుకుంది.

"లైను కలిసిందా అక్కయ్యా?" అన్నాను గుమ్మంలోంచి.

"కలిసింది. ఆవిడ కొంచెం పొగరుమోతు తమ్ముడూ, ముక్తసరిగా మాట్లాడుతుంది."

ఆ రోజు క్యాంటీనులో అందరికీ ఈ సంగతి చెప్పి తెగ నవ్వించాను. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు.

పన్నెండో ఏడు ఆవిడ తల్లి పోయింది. మేమందరం వెళ్ళి చూసొచ్చాం. రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. వంటగదిలో రెండు గ్లాసులు, రెండు పళ్ళాలు, తలుపు వెనక రెండు గొడుగులు. పది రోజులు సెలవు పెట్టిన మనిషి నాలుగో రోజే వచ్చి కుర్చీలో కూర్చుంది. అప్పుడే ఎందుకొచ్చారంటే, "ఇంట్లో ఏముంది తమ్ముడూ? ఇక్కడైతే లైన్లో ఎవరో ఒకరుంటారు" అంది. నేను సరేనని నా గదిలోకి వెళ్ళిపోయాను. మా ఇల్లు చూస్తే మూడు గదుల్లో ఏడుగురం, స్నానాలగది తలుపు కొట్టని పొద్దు లేదు. ఒంటరితనం అంటే అదేదో విశ్రాంతి లాంటిదని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఏళ్ళు ఎలా గడిచాయో తెలియదు. ఫోనమ్మ అందరికంటే ముందు వచ్చేది, అందరూ వెళ్ళాక వెళ్ళేది. బల్లని గుమ్మం దగ్గరికి జరిపించుకుంది. అరల్లో పైనున్న ఫైళ్ళు కింది వరసలోకి మారాయి. క్యాంటీనుకి రావడం మానేసి డబ్బా తెచ్చుకునేది. పనంటే ఎంత ప్రాణమో అని మేం మెచ్చుకున్నాం. కళ్ళ ముందు జరిగేది కనపడకపోతే ఎక్స్‌రే మిషనుకీ నాకూ తేడా ఏమిటి? అది కనీసం ఎముకైనా చూస్తుంది.

ఇరవయ్యో ఏడు వచ్చింది. చాలామంది పోయారు, కొందరు అడ్రసు లేకుండా మాయమయ్యారు. మూడువందల ఎనభై మోకాళ్ళలో రెండువందల పదకొండు మిగిలాయి. పెద్ద డాక్టరుగారు పదవి దిగేలోపు నివేదిక రాసేయాలని పట్టుబట్టి, బతికున్న ప్రతి మోకాలికీ ఫిల్ము తీయమన్నారు. ఫోనమ్మ ఫోన్ చేసి పిలిచేది, నేను తీసేవాణ్ణి. కర్రలు పట్టుకుని కొందరు, మనవళ్ళ భుజాలు పట్టుకుని కొందరు వచ్చారు. వచ్చినవాళ్ళందరూ ముందు రికార్డు గదికి వెళ్ళి ఆవిణ్ణి చూసి, తర్వాతే నా దగ్గరికి వచ్చేవారు. ఇన్నేళ్ళు గొంతు విన్న మనిషి మొహం చూడాలని వాళ్ళ ఆశ. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడి పంపేది.

ఆ నెల జాబితాలో అందరి పక్కనా టిక్కు పడింది. ఒక్క పేరు మిగిలింది.

"ఇంకొకరున్నారు అక్కయ్యా" అన్నాను.

"ఆవిడకి తీరిక లేదట."

"నాకుంది. రమ్మనండి."

"రేపు చూద్దాంలే" అంటూ ఫోన్ ఎత్తింది.

రేపు కాస్తా వారమైంది. నాకు అనుమానం వచ్చి పాత జాబితాలు తిరగేశాను. అయిదేళ్ళకోసారి తీసే ఫిల్ముల్లో పదిహేనో ఏటి దాని దగ్గర తన పేరు ఎదురుగా తనే 'రాలేదు' అని రాసుకుంది. రోజూ ఈ గడపలోనే ఉండే మనిషి రాలేదట. చల్లకొచ్చి ముంత దాచడమెందుకో, ఇవాళ అడిగేద్దామని సాయంత్రం ఆగాను. అందరూ వెళ్ళిపోయాక ఆవిడ వరండా మెట్ల దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, గోడవైపు తిరిగి, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగుతోంది. నాలుగు మెట్లు దిగడానికి నేను ఒక ఫిల్ము తీసి కడిగేంత సేపు పట్టింది. నేను కింద నిలబడి ఉన్నాను. ఆవిడ ఇటు తిరిగి నన్ను చూసింది.

"పదండి" అన్నాను.

నిలబెట్టి ఫిల్ము తీశాను. లైటు పెట్టె మీద పెట్టి చూశాను. లోపలివైపు ప్లాస్టిక్ బిళ్ళ జాడే లేదు, లోహం మీద లోహం కూర్చుంది. కింది పలక ఒక పక్కకి ఒరిగిపోయింది. దాని కింద, ఎముకకి పట్టి ఉండాల్సిన చోట, దారమంత నల్లటి గీత. అంటే పలక ఊడి ఎముక మీద ఊగుతోందన్నమాట. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఎముకని పిండి చేస్తూ ఉంటుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"అయిదేళ్ళు దాటింది."

"కిందటేడు ఎంత రాసుకున్నారు?"

"నలభై ఆరు."

"నలభై ఎనిమిదికి నలభై ఆరా?"

"రెండు తగ్గించాను కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పోస్ట్‌మన్‌ని ఎందుకు తిట్టారు, ఆ ముసలాయన మూడేళ్ళు చెప్పిన అబద్ధం మీరు అయిదేళ్ళు చెప్పారు కదా అని గట్టిగానే అరిచాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, నేను అరవడం అయిపోయేదాకా ఆగింది.

"ఆపరేషన్ కాగితం రెండో పేజీ ఎప్పుడైనా చూశావా తమ్ముడూ?" అంది. "రోగికి తోడుండేవారి పేరు, బంధుత్వం, సంతకం. ఆ గడి ఖాళీగా ఉంటే రికార్డు గదిలో కాగితం తీసుకోకూడదు. వార్డులో వారం, ఇంట్లో ఆరు వారాలు మనిషుండాలి. ఎవరూ లేరని వచ్చినవాళ్ళని, ఎవరినో ఒకరిని చూసుకుని రండని నా చేత్తో నేనే వెనక్కి పంపాను. తొమ్మిది మందిని పంపాను. ఆ కాగితం ఇప్పుడు నేను పట్టుకెళ్ళి ఏ మొహంతో ఇవ్వను?"

"దానికోసమా?"

"నీకు అది చిన్నగా కనపడుతుంది. ఏడుగురిలో ఎవరి పేరు రాయాలా అని ఆలోచించేవాడివి. నాకు రాయడానికి ఒక్కటీ లేదు. నొప్పి ఉందని రాస్తే డాక్టరు పిలుస్తారు. పిలిస్తే ఆపరేషన్ అంటారు. అంటే ఆ గడి దగ్గరికి రావాలి. నొప్పి లేదని రాస్తే ఎక్కడికీ రానక్కర్లేదు."

ఆ క్షణంలో నేను ఒక మాట అనాలి. మా ఆవిడ వస్తుంది అక్కయ్యా, మా పేరు రాయండి అనాలి. నోటిదాకా వచ్చింది. ఇంటికెళ్ళి చెబితే, ఆవిడ మనకేమవుతుంది అని అడుగుతారని తెలుసు. ఏమీ కాదు అన్న జవాబు తప్ప నా దగ్గర ఇంకోటి లేదనీ తెలుసు. ఆ మాట అలాగే మింగేశాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో దీనికంటే నీచమైనది నాకు గుర్తులేదు.

"ఒక్క రెండు నెలలు ఆ ఫిల్ము నీ దగ్గరే పెట్టుకో" అంది. "నివేదిక వెళ్ళిపోతుంది. నా ఉద్యోగమూ అయిపోతుంది. ఆ తర్వాత ఈ కాలితో నా పాట్లేవో నేను పడతాను."

రెండు రోజులు సీసం ఆప్రాన్ల కింద దాచాను. కానీ నాకు కుదురు లేదు. ఆవిడకి ఏ రకం పెట్టారో నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. అయిదేళ్ళుగా ఏ పక్షానికి దొంగ ఓటు వేస్తోందో తెలియకుండానే వేస్తోంది. అది ఒకటైతే, ఇంకొన్నాళ్ళు పోతే మళ్ళీ కీలు పెట్టడానికి కింద ఎముకే మిగలదన్నది అసలు భయం. మూడో రోజు పొద్దున్నే ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, "నేను దాచలేను అక్కయ్యా, పైకి తీసుకెళ్తున్నాను" అన్నాను. తిడుతుందనుకున్నాను. "ఆగు, నేనూ వస్తాను. లిఫ్టులో వెళ్దాం" అంది.

పెద్ద డాక్టరుగారు ఫిల్ము చూసి, ఆవిడ పాత కాగితాలు తెప్పించి తిరగేశారు. నొప్పి లేదని ఎందుకు రాశావమ్మా అంటే, ఆవిడ తోడు గడి సంగతి చెప్పింది.

"అలాంటి గడి ఎవరు పెట్టారు?" అన్నారాయన.

"మీరే సార్. పద్దెనిమిదేళ్ళ క్రితం."

ఆయనకి గుర్తులేదు. ఫోనెత్తి వార్డు హెడ్‌నర్సుతో, ఈవిడకి తోడుగా ఆయా పేరు రాసేయండి, కాలు నిలిచేదాకా ఇక్కడే ఉంచుకుందాం అన్నారు. అర నిమిషంలో తేలిపోయింది. ఆ అర నిమిషం పనికి ఆవిడ అయిదేళ్ళు ఎముక అరగదీసుకుంది.

"అది కాదు సార్, ముందు పరీక్ష సంగతి చూడండి" అంది ఫోనమ్మ. నిలబడలేక బల్ల అంచు పట్టుకుంది. "నావి అయిదు కాగితాలు తప్పు. అవి కొట్టేసి, నాది చెడిపోయిన వాటిలో వేయండి. లెక్క మొత్తం తప్పింది."

ఆయన ఆవిణ్ణి ఊరడించాలనే అనుకున్నారు. "ఒక్క మోకాలితో ఏ లెక్కా మారదమ్మా. ఇప్పటిదాకా చూసినదాన్నిబట్టి రెండు రకాలూ ఇంచుమించు ఒకటే. నీది తీసినా ఒకటే, వేసినా ఒకటే" అన్నారు.

ఆ మాటకి ఆవిడ మొహం ఎలా వాడిపోయిందో నేను చూశాను. ఫిల్ము చూసినప్పుడు కూడా అంత వాడలేదు. తర్వాత చాలా నెమ్మదిగా, "నాది ఏ రకం సార్?" అని అడిగింది. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారి.

"తిరిగేది."

"అలాగా. నేను బిగిసినదే అనుకున్నాను" అంది.

చేర్చుకునే రోజున కాగితం నేనే పైకి తీసుకెళ్ళాను. తోడుండేవారు అన్నచోట ఆయా పేరు ఉంది. బంధుత్వం అన్నచోట ఫోనమ్మ ఒక అడ్డగీత గీసింది. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. పాత పలక చేత్తో తీస్తే ఊడొచ్చిందని నర్సు చెప్పింది. మిగిలిన ఎముక కొత్త కీలుకి ఎలాగో సరిపోయింది. కొన్నాళ్ళు కర్ర పట్టుకుని నడుస్తుందన్నారు.

మూడో రోజు పొద్దున వార్డుకి వెళ్ళాను. ఆయా ఇంకో మంచం దగ్గర దుప్పటి మారుస్తోంది. ఫోనమ్మ పక్కన కుర్చీ మీద మందుల సంచీ తప్ప ఎవరూ లేరు. అటూ ఇటూ ఉన్న మంచాల దగ్గర చుట్టాలు గుంపుగా చేరి, ఎవరు ఎప్పుడు ఇంటికెళ్ళాలో వాదించుకుంటున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. నన్ను చూసి, "ఇంకా పదిహేడు ఫోన్లు మిగిలాయి తమ్ముడూ, తేదీ దాటనివ్వకు. బాగానే అంటే ఊరుకోకు" అంది.

కిందికొచ్చి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు ముగ్గురున్నారు. మొదటి ఆయన నా గొంతు వినగానే, "ఫోనమ్మగారేరీ?" అన్నాడు. నాలిక కరుచుకునేలోపే చెప్పేశాను, మోకాలికి మళ్ళీ ఆపరేషన్ అయిందని.

"అయ్యో. ఆవిడదీ మార్చిన మోకాలేనా? ఎప్పుడూ చెప్పలేదే" అని, "పోనీలెండి, వాళ్ళ అన్నయ్యావాళ్ళు ఉన్నారుగా" అన్నాడు.

ఇంకెవరి గురించో అనుకుని మాట్లాడుతున్నాడనుకున్నాను. పన్నెండు ప్రశ్నలూ అడిగి పెట్టేశాను. రెండో ఆవిడ ఇంకా వివరంగా అడిగింది. "వదినగారికి నడుంనొప్పి కదా, ఆవిడ ఒక్కతే ఏం చేసుకుంటుంది? మేనకోడలు వచ్చిందా? చంటిపిల్లతో రాగలిగిందా?"

ఫోన్ పెట్టేశాను. నాకు తెలిసినంతలో ఆవిడకి అన్న లేడు, తల్లికి ఆవిడొక్కతే. మూడో ఫోను ఒక లెక్కల టీచరమ్మకి. ఎనభై దాటింది, ఒక్కతే ఉంటుంది. ప్రశ్నలు అయ్యాక ఆపరేషన్ సంగతి చెప్పి మెల్లగా కదిపాను. ఫోనమ్మ వాళ్ళింటి సంగతులు మీకు బాగా తెలిసినట్టున్నాయే అన్నాను.

"తెలియకపోవడమేంటి బాబూ. వాళ్ళమ్మ పోయిన ఏడు నేను ఫోనులో ఏడ్చాను, ఒక్కదానివి ఎలా ఉంటావే తల్లీ అని. మా అన్నయ్యావాళ్ళు వచ్చేశారండీ, ఇల్లంతా గోలగోల అంది. అప్పుడు కానీ నా ప్రాణం కుదుటపడలేదు. మేనకోడలు కాలేజీలో చేరింది, పెళ్ళయింది, కిందటేడు పాప పుట్టింది. ఏడాదికోసారి ఆ కబుర్లు వినడం నాకూ కాలక్షేపం. పాపకిప్పుడు ఏడాది నిండి ఉండాలి. నడుస్తోందా?"

ముగ్గురికీ ఒకటే అన్న, ఒకటే వదిన, ఒకటే మేనకోడలు. ఎనిమిదేళ్ళలో ఒక్క వయసు తప్పలేదు, ఒక్క మాట తేడా రాలేదు. వాళ్ళు తన గురించి దిగులుపడతారని మొదట ఒక మాట అని ఉంటుంది. ఆ తర్వాత ఏటా రెండువందల మంది, ఆ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగి ఉంటారు. లేని మనుషులని ఆవిడ రెండువందలసార్లు పలకరించుకుని ఉంటుంది. జవాబు చెప్పకపోతే ఆ టీచరమ్మ కనిపెట్టేస్తుంది.

"నడుస్తోందండీ. గోడ పట్టుకుని" అన్నాను.

"మంచిది. మరి ఇప్పుడు ఆసుపత్రిలో ఫోనమ్మ దగ్గర ఎవరున్నారు బాబూ?"

"ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారమ్మా" అన్నాను.